ముందు తల్లికి

మే నెల మిట్టమధ్యాహ్నం. పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన, జానెడు నీడలో పిల్లి పడుకుని ఉంది. పొట్టకు కరుచుకుని మూడు పిల్లలు పాలు తాగుతున్నాయి. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ పిల్లలు పసికూనలు కావు. మూడో నెల నిండుతోంది. ఒక్కొక్కటీ తల్లిలో సగం ఉంది. మూడూ ఒక్కసారి ముట్టెలతో కుమ్మితే తల్లి నడుము నేల మీంచి లేచి పడుతోంది. పాలు ఎప్పుడో తగ్గిపోయాయి. అయినా అవి వదలవు. తల్లి చెవులు వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి ఓర్చుకుంటోంది. దాని వెన్నుపూసలు ఒకటీ రెండూ అని లెక్కపెట్టేలా పైకి తేలి ఉన్నాయి.

వీధిలో పిల్లి ఈనిందంటే అందరికీ జాలి కలుగుతుంది. ఆ జాలంతా పిల్లల మీదికే పోతుంది. అవి కాస్త ఎదిగి గంతులు వేయడం మొదలుపెట్టేసరికి, ఇక వాటి బతుకు అవే బతుకుతాయిలే అని మనం గిన్నె లోపల పెట్టేస్తాం. తల్లి ఒళ్ళు పూర్తిగా కరిగిపోయేది సరిగ్గా అప్పుడే. నేను చెప్పదలచుకున్నదల్లా ఆ తల్లి గురించే.

అది మా ఇంటికి మార్చి మొదటి వారంలో వచ్చింది. మాది విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే దూరంలో ఉన్న పాత డాబా ఇల్లు. ఒకరోజు తెల్లవారుతుండగా వెనక వరండాలో విరిగిన కుర్చీల చాటునుంచి సన్నగా కీచుకీచుమని వినబడింది. వంగి చూస్తే పాత చీరల మూట మీద మూడు కూనలు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఇంకా నీలంగా. నాలుగడుగులు వేసి తూలి పడుతున్నాయి. పిల్లికూనలు పుట్టిన వారం పదిరోజులకు కళ్ళు తెరుస్తాయి, మూడో వారంలో నడక నేరుస్తాయి. ఆ లెక్కన ఫిబ్రవరి నడుమ పుట్టి ఉంటాయి. తల్లి ప్రహరీగోడ మీద నిలబడి నన్నే చూస్తోంది. తెలుపు మీద నలుపు, నారింజ మచ్చలు. అరవలేదు, పారిపోలేదు. నేనేం చేస్తానో తేలేదాకా కదలనన్నట్టు నిలబడింది. నేను తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చేశాను.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళంటారు. నిలకడ లేనివాళ్ళను దెప్పడానికి ఆ మాట వాడతాం. పిల్లి తిప్పేది నిలకడ లేక కాదు. పురిటిచోట వాసన పేరుకుంటుంది. ఆ వాసనకు కుక్కలు వస్తాయి, గండుపిల్లి వస్తుంది. గండుపిల్లి తనవి కాని కూనల్ని చంపేయడం కద్దు. అందుకే చోటు మార్చి చోటు మార్చి కాపాడుకుంటుంది. మెడవెనక తోలు పళ్ళతో పట్టి ఎత్తగానే కూన కాళ్ళు ముడుచుకుని, తోక పొట్టకు చుట్టుకుని, ఊపిరి ఉందా అన్నంత కదలకుండా వేలాడుతుంది. శ్రీవైష్ణవులు శరణాగతికి ఈ దృశ్యాన్నే ఉపమానం చేశారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుని ఉండాలి, అది మర్కటకిశోర న్యాయం. పిల్లికూన పట్టుకోనక్కర్లేదు, పట్టే పని తల్లిదే, అది మార్జాలకిశోర న్యాయం. వడగలై వారు మొదటిదాన్ని, తెంగలై వారు రెండోదాన్ని చెబుతారు. ఎన్నోసార్లు విన్న ఈ న్యాయాన్ని నేను ఎప్పుడూ కూన పక్షాన నిలబడే విన్నాను. ఏ భారమూ లేకుండా వేలాడడం ఎంత హాయి అనుకున్నాను. ఆ భారం పళ్ళ నడుమ పట్టుకుని, ఒక్కో కూనకూ ఒక్కోసారి గోడ దూకి, మళ్ళీ వెనక్కి వెళ్ళి వచ్చిన దవడ సంగతి ఈ పిల్లిని చూశాకే తట్టింది.

మా ఇల్లు దానికి ఎన్నో ఇల్లో! ఏడోదే అయితే బాగుండును అనుకున్నాను.

మా అమ్మకు ఎనభై దాటాయి. వరండాలోకి తొంగి చూసి "బాలింత" అంది. అంతే, దానికి అదే పేరయింది. పిల్లల్లో నారింజరంగుది బెల్లం, నల్లనిది బొగ్గు, నుదుట మచ్చ ఉన్నది చుక్క. బెల్లమూ బొగ్గూ మగవి. నారింజా నలుపూ అనే రంగుల్ని నిర్ణయించే జన్యువు పిల్లుల్లో ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లకు ఆ క్రోమోజోము తల్లినుంచే వస్తుంది. అందుకే ఆ రెండు రంగులూ ఒంటిమీద ఉన్న తల్లికి ఒక కొడుకు నారింజగా, ఒక కొడుకు నల్లగా పుట్టారు. తండ్రి ఏ రంగువాడైనా కొడుకుల విషయంలో అందులో వాటా లేదు. పోషణలోనూ అంతే. తండ్రి ఎవరో మేం చూడనే లేదు.

బాలింత అన్నాక పథ్యం ఉండాలి. అమ్మ మొదట పెట్టింది ఆవుపాలు. పిల్లి అంటే పాలు అని మన మనసుల్లో నాటుకుపోయింది. తెనాలి రామకృష్ణుడు పిల్లికి మరిగే పాలు పెట్టి, పాలగిన్నె కనబడితే చాలు పారిపోయేలా చేశాడన్న కథలో వింతంతా పిల్లి పాలు ముట్టకపోవడమే. కానీ పెద్దపిల్లికి పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి చాలా తగ్గిపోతుంది. ఆవుపాలు తాగితే తరచు విరేచనాలు పట్టుకుంటాయి. బాలింతకు విరేచనాలంటే ఒంట్లో నీరు పోయినట్టు, పిల్లలకు పాలు తగ్గినట్టు. గిన్నెడు మంచినీళ్ళే దానికి మేలు. రెండోరోజు పెరుగన్నం పెట్టింది. కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని ఒళ్ళు కావలసినంత తయారుచేసుకోలేదు. అది మాంసం, చేపల్లోంచి రావలసిందే. లేకపోతే కాలం గడిచేకొద్దీ చూపూ గుండే దెబ్బతింటాయి.

మూడోరోజు అమ్మ వెల్లుల్లి కారం కలిపి నేతితో అన్నం ముద్ద చేసి తెచ్చింది. తన మూడు పురుళ్ళకూ మా అమ్మమ్మ పెట్టిన పథ్యం అది. పాలు పడతాయని పెడతారు. నేను చేయి అడ్డం పెట్టాను. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. ఎండబెట్టి పొడి చేసినా, వండినా ఆ గుణం పోదు. అమ్మ ముద్ద పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మరి బాలింతకి ఏం పెడతావే?" అంది. అంత సూటి ప్రశ్నకు నా దగ్గర అప్పటికి జవాబు లేదు.

జవాబు చేపలావిడ చెప్పింది. జాలరిపేటనుంచి వారానికి మూడు రోజులు అల్యూమినియం తట్టతో మా వీధికి వస్తుంది. వరండా మెట్టుమీద తట్ట దించి, కుర్చీల వెనక్కి చూసి, "పాలిచ్చీదానికి అన్నవేటమ్మా? పాలసొర తెస్తాను ఉండు" అంది. ఈ తీరం పొడుగునా బాలింతలకు పాలు పడాలని సొర వండిపెడతారు. ఆ చేపకు పాలసొర అనే పేరు వచ్చిందే అందుకు. సొర దొరకని రోజున కవళ్ళు నాలుగు ఎక్కువ వేసేది. వాటికి డబ్బులు తీసుకునేది కాదు. "పిల్లలకి పెట్టకమ్మా, తల్లికి పెట్టు. తల్లి తింటే పిల్లలు తిన్నట్టే. పిల్లలు తింటే తల్లి తిన్నట్టు అవదు కదా" అంది ఒకరోజు. పశువైద్యం పుస్తకాలు చెప్పేదీ అదే. పాలిచ్చే పిల్లికి మామూలు రోజుల్లో కావలసినదానికి రెండు మూడు రెట్లు తిండి కావాలి. అది బయటనుంచి రాకపోతే తన కండనుంచీ ఎముకనుంచీ తీసి పాలలో పోస్తుంది.

చేప ఉప్పూ కారమూ లేకుండా ఉడకబెట్టి, ముళ్ళు తీసి పెట్టేదాన్ని. పచ్చిచేప రోజూ పెడితే బి1 విటమిన్ లోపం రావచ్చు. చేప ఒక్కటే అయినా చాలదు. ఒకరోజు కోడి మెత్తని మాంసం, ఒకరోజు ఉడికిన గుడ్డు. వీటితోపాటు దుకాణంలో పిల్లికూనల కోసం అమ్మే మేత తల్లికే పెట్టమని పశువుల డాక్టరమ్మ చెప్పింది. కూనల ఎదుగుదలకు ఉద్దేశించిన ఆ మేతలో మాంసకృత్తులూ కొవ్వూ కాల్షియమూ ఎక్కువ. పాలిచ్చే తల్లికి కావలసినవీ అవే. నాలుగో వారం దాటాక అదే మేతను నీళ్ళలో నానబెట్టి మెత్తగా చేస్తే కూనలు నాకడం మొదలుపెట్టాయి.

అక్కడే కొత్త చిక్కు వచ్చింది. పళ్ళెం పెట్టగానే పిల్లలు మూడూ మీద పడేవి. బాలింత అడుగు దూరంలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని చూసేది. ముక్కు చేప వైపే ఉండేది, మీసాలు కదిలేవి. అయినా మూతి ముందుకు చాచేది కాదు. పిల్లలు తిని లేచాక పళ్ళెం అంచులు నాకేది. మూడు చేపలు పెట్టినా ఇంతే, ఆరు పెట్టినా ఇంతే. తల్లికి పెట్టానని నేననుకుంటున్న తిండిలో తల్లికి చేరుతున్నది తడి మాత్రమే అని అప్పుడు అర్థమైంది. మర్నాటినుంచి దాని పళ్ళెం ప్రహరీగోడ మీద పెట్టాను. పిల్లలు ఎక్కలేని ఎత్తు. మొదటిరోజు అది పళ్ళెం దగ్గర కూర్చుని కింద పిల్లల్నే చూసింది. నేను కింద వాటికి వేరే పెట్టి, అవి తినడం దానికి కనబడేలా పక్కకు జరిగాను. అప్పుడు తల వంచి తింది. నమిలే చప్పుడు వరండాలో ఉన్న అమ్మకు వినిపించి, "తింటోందా?" అని అడిగింది.

ఏప్రిల్ 15 వచ్చింది. ఆ రోజునుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తూర్పు తీరమంతటా మరపడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం. తెప్పల మీద వెళ్ళేవాళ్ళు తెచ్చే కాసిని చేపలే బజారుకు వస్తాయి. చేపలావిడ తట్ట అడుగు కనబడుతోంది. ఆ రోజుల్లో ఇంట్లో ఎలా గడుస్తుందని అడిగాను. "కష్టమేనమ్మా. కానీ ఆపాల. ఆ తల్లులకీ ఊపిరాడాల కదా" అంది. ఆ మాట నాలో ఉండిపోయింది.

అదే సమయానికి మా పెరట్లో తల్లికి ఊపిరాడని రోజులు మొదలయ్యాయి. కూనలకు రెండో నెలకల్లా పాలపళ్ళు 26 వచ్చేస్తాయి. సూదుల్లా ఉంటాయి. గోళ్ళు కూడా అంతే. పాలు తాగేటప్పుడు ముందరికాళ్ళతో పొట్టను పిసుకుతాయి. అది పాలు దిగడానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఒకరోజు బాలింత వెల్లకిలా దొర్లినప్పుడు చూశాను. రొమ్ముల చుట్టూ గీరుకుపోయిన సన్నటి ఎర్రటి చారలు. ఒకచోట పక్కు కట్టింది. రొమ్ము గట్టిపడి వేడిగా ఉన్నా, ఎర్రగా వాచినా, ముట్టుకోనివ్వకపోయినా వెంటనే తీసుకురమ్మంది డాక్టరమ్మ. పాలు గడ్డకట్టి చీము పడితే తల్లికి జ్వరం వస్తుంది, ఆ పాలు పిల్లలకూ చేటు.

"వేపాకు నూరి రాస్తే సరి, మీకు పాలు అలాగే మానిపించాను" అంది అమ్మ. మనుషుల పిల్లలకు చేదు తగిలి మానేస్తారు. పిల్లి ఒళ్ళంతా నాకి శుభ్రం చేసుకునే జీవి. రాసిందంతా ముందు దాని నాలుకకే తగులుతుంది. పిల్లల్ని వేరే గదిలో పెట్టి తలుపు వేయమన్నారు కొందరు. అదీ వద్దంది డాక్టరమ్మ. ఎనిమిది వారాలకు ముందు తల్లినుంచి విడదీయకూడదు, పన్నెండు వారాలదాకా ఉంచితే ఇంకా మంచిది. పాలు మానిపించడం తల్లికి తెలిసిన పనే. దానికి కావలసింది పక్కకు తప్పుకునే చోటు ఒక్కటే. ఎత్తుగా, పిల్లలకు అందకుండా. వరండా కిటికీ పైన పాత చెక్కబల్ల ఒకటి బిగించి, గోనెపట్టా పరిచాను. అది ఆ సాయంత్రమే ఎక్కింది. కిందనుంచి పిల్లలు అరిచాయి. తల అంచుమీద ఆనించి వాటిని చూసిందేగానీ దిగలేదు. రెండు గంటలు నిద్రపోయింది. మా ఇంటికి వచ్చాక అది అంతసేపు ఒక్కతే పడుకోవడం అదే మొదటిసారి.

ఆ పన్నెండు వారాల్లో తల్లి నేర్పేది ఏమిటో కూడా చూశాను. ఒక సాయంత్రం నోట చిట్టెలుకను కరుచుకుని గోడ దిగింది. గొంతులోంచి ఒక వింత పిలుపు, మ్యావు కాదు, గుర్రు కాదు, రెండూ కలిసి నాలుక మీద దొర్లినట్టు. పిల్లలు ఎక్కడివక్కడ ఆటలు వదిలి పరుగెత్తాయి. మొదట్లో చచ్చినవి తెస్తుంది. తర్వాత కొనప్రాణంతో ఉన్నవి తెచ్చి వదులుతుంది. చుక్క ఎలుక మీద పాదం వేసి తీసింది, మళ్ళీ వేసింది. బాలింత పక్కన కూర్చుని చూసింది. తను ముట్టలేదు. ఎముకలు తేలిన ఒంటితో, ఆకలి మీద వేటాడి తెచ్చిన తిండిని పాఠం కోసం నేలమీద పెట్టి కూర్చుంది.

మే మొదట్లో ఒకరాత్రి ఈదురుగాలి, పిడుగులు. కరెంటు పోయింది. టార్చి వేసి వరండాలోకి వెళ్తే, పదకొండు వారాల పిల్లలు మూడూ తల్లి పొట్టలో తలలు దూర్చి ఉన్నాయి. పాలు తాగుతున్నట్టే ఉన్నాయి గానీ గుటక పడడం లేదు. పిడుగు పడినప్పుడల్లా నోరు ఇంకాస్త గట్టిగా పడుతున్నాయి. ఎదిగిన పిల్లలు ఇంకా పాలకెందుకు ఎగబడతాయని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. కడుపు ఆకలి మానినా భయానికి ఇంకా పాలు కావాలి. అందుకే పొమ్మని తోసేయడం తల్లికీ అంత తేలిక కాదు.

ఇంతలో చుక్కకు జలుబు చేసి ఒళ్ళు కాలింది. ఇంట్లో పిల్లల జ్వరం మందు ఉంది, రెండు చుక్కలు వేద్దామా అని ఫోను చేసి అడిగాను. డాక్టరమ్మ గొంతు మారిపోయింది. పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అలాగే కుక్కల గోమార్లకు వాడే మందుల్లో పెర్‌మెత్రిన్ ఉన్నవి పిల్లుల మీద చల్లకూడదు. పిల్లిని పెంచని ఇంట్లో కూడా ఈ రెండు మాటలూ తెలిసి ఉండాలి. ఎందుకంటే వీధిపిల్లికి మందు వేసేది ఎక్కువగా మనలాంటి జాలిపడ్డవాళ్ళే. చుక్కకు సరైన మందు పడింది, నాలుగోరోజుకు కోలుకుంది. ఏలికపాములు తల్లిపాల ద్వారానే కూనలకు చేరతాయి కనుక, పురుగుల మందు పిల్లలతో పాటు తల్లికీ వేయించాం.

మే నడుమ ఒక రాత్రి ప్రహరీ బయట గండుపిల్లి గొంతు వినబడింది. మర్నాడు మళ్ళీ. బాలింత గోడెక్కి కూర్చుని జవాబు చెబుతోంది. పొట్టకు పిల్లలు వేలాడుతుండగానే పిల్లి మళ్ళీ ఎదకు వస్తుంది. పాలిస్తోంది కదా కడుపు రాదని అనుకోవడం పొరపాటు. చూలు మోసేది 63 నుంచి 65 రోజులు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇప్పుడు కడితే జులైలోనే మళ్ళీ కాన్పు. వెన్నుపూసలు లెక్కపెట్టగలిగే ఈ ఒంటిమీద. ఏటా రెండు మూడు కాన్పులు, ఆగకుండా.

ఈ మాట తెలిసి ఇరుగుపొరుగులో ఒకరు దారి చెప్పారు. నాలుగింటినీ గోనెసంచిలో వేసి చేపల బజారు దగ్గర వదిలేస్తే అక్కడ తిండికి లోటుండదని. మంచి మనసుతోనే చెప్పారు. కానీ ఆ బజారులో ముందే ఉన్న పిల్లులు కొత్తవాటిని రానివ్వవు. దిక్కు తెలియని తల్లి తెలిసిన ఇంటి కోసం రోడ్లు దాటుతుంది. జంతువును ఆకలిదప్పులకు మాడే స్థితిలో వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. చేయవలసింది ఆపరేషన్.

అమ్మ ఒప్పుకోలేదు. పిల్లిని చంపిన పాపం కాశీకి పోయినా పోదని నమ్మిన తరం. పిల్లలతల్లి కడుపు కోయించడం కూడా ఆమెకు అందులో భాగంగానే తోచింది. నేను వాదించలేదు. ఆ మధ్యాహ్నమే, నీళ్ళ తొట్టి పక్కన పిల్లలు కుమ్ముతుంటే లేచి పడుతున్న ఆ నడుమును అమ్మ కూడా కిటికీలోంచి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "మా అమ్మకి తొమ్మిది కాన్పులు. చివరి కాన్పు నాటికి నూతి దగ్గర వంగి తోడుతుంటే వెనకనుంచి ఇలాగే ఉండేది వెన్ను" అంది. కాసేపాగి, "రేపు తీసుకెళ్ళు" అంది.

పిల్లలు సొంతంగా తింటున్నాయి కనుక ఇబ్బంది లేదంది డాక్టరమ్మ. పాలిచ్చే పిల్లికి కోత పొట్టమీద పెట్టకుండా పక్క డొక్కలో పెట్టింది. రొమ్ములకు తగలకుండా, పిల్లలు కుట్లు పీకకుండా అది మంచి పద్ధతి. చెవి కొన కాస్త కత్తిరించింది. ఆపరేషన్ అయిన పిల్లి అని ఇకముందు ఎవరైనా గుర్తుపట్టడానికి. మర్నాడు ఇంటికి తెచ్చి బుట్ట తలుపు తీశాను. పిల్లలు పరుగున వచ్చి, వాసన చూసి, వెన్ను పైకి లేపి తల్లి మీదే బుస్సుమన్నాయి. ఒంటినిండా మందుల వాసన, వాటికి తల్లి తెలియలేదు. బాలింత ఏమీ అనలేదు. నెమ్మదిగా చెక్కబల్ల ఎక్కి పడుకుని ఒళ్ళు నాక్కుంది. రెండో రోజు సాయంత్రానికి దాని వాసన దానికి తిరిగొచ్చింది. ముందు బొగ్గు వెళ్ళి ముక్కు ఆనించింది. తర్వాత మిగతా రెండూ. వారం పదిరోజులు అప్పుడప్పుడు పొట్ట దగ్గర తడిమాయి. పాలు ఇంకిపోయాయి. తల్లి ఒకటి రెండుసార్లు పాదంతో తలమీద తట్టింది. అవీ మానేశాయి.

బెల్లాన్ని ఒక టీచరుగారింట్లో, చుక్కను మా వీధి చివర ఇంట్లో అడిగి పట్టుకెళ్ళారు. టీకాలు వేయించాకే ఇచ్చాను. పిల్లులకు వచ్చే మూడు ముఖ్యమైన జబ్బులకు కలిపి వేసే టీకా రెండుసార్లు. మూడో నెల నిండాక రేబిస్ టీకా. అది ఏటా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగానే వేస్తారు. బొగ్గును ఎవరూ అడగలేదు. నల్లపిల్లి ఎదురొస్తే మంచిది కాదన్నారు. మా ఇంట్లోంచి రోజూ పొద్దున్న నేను బయటికి వెళ్ళేటప్పుడు మొదట ఎదురొచ్చేది బొగ్గే. నా పనులన్నీ సవ్యంగానే జరుగుతున్నాయి. అది మా దగ్గరే ఉండిపోయింది.

జూన్ 15న పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. రెండు రోజులకు చేపలావిడ నిండు తట్టతో వచ్చింది. మెట్టు మీద దించి, గోడ మీద కూర్చున్న బాలింతను ఎగాదిగా చూసి, "ఒళ్ళు చేసిందమ్మా" అని ఒక కవళ చేప విసిరింది. బొగ్గు కింద ఉంది, తల్లి పైన ఉంది. చేప ఇద్దరి నడుమ మెట్టు మీద పడింది. బాలింత దూకి, నోట కరుచుకుని, బొగ్గు వైపు చూడకుండా గోడెక్కి తలనుంచి తోకదాకా తింది.

మీ వీధిలోనూ ఒక బాలింత పిల్లి ఉండే ఉంటుంది. దాని పిల్లలు గంతులేస్తున్నాయని చూసి పళ్ళెం లోపల పెట్టేయకండి. ఆ పళ్ళేన్ని పిల్లలకు అందని చోట, గోడ మీద పెట్టండి. పిల్లలు సొంతంగా కడుపునిండా తినే దశకు రాగానే తల్లిని ఆపరేషన్‌కు తీసుకెళ్ళండి. ముందు తల్లికి పెట్టండి.